కరెంటు లేని రోజుకి ఒక చార్జింగ్ పెట్టె

మొన్న చేలో తీసిన వీడియో పెట్టినప్పటి నుంచి ఒకటే ప్రశ్న. పొలంలో కెమెరాకి, ఫోనుకి, కాలర్ మైకుకి చార్జింగ్ ఎక్కడిది అని. మోటారు స్టార్టర్ డబ్బాలోంచి వైరు లాక్కుంటున్నానేమోనని ఒకాయన అనుమానం. ఆ పని నేను చెయ్యను, మీరూ చెయ్యొద్దు. తడి కాళ్ళతో మూడు ఫేజుల దగ్గర చెయ్యి పెట్టి ఫోను చార్జింగ్ చేసుకోవడం ఏం తెలివండీ? నా దగ్గర ఒక పెట్టె ఉంది. దాని సంగతే ఈ పోస్టు. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

అసలు పెట్టె కట్టింది వీడియోల కోసం కాదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గుర్తుందా? కోసిన వరి పనల మీదే నానిపోయింది. మా వైపు కరెంటు పోయి, ఇంట్లో ఫోన్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆరిపోయాయి. ఫసల్ బీమాలో చేను మునిగితే 72 గంటల్లో తెలియజెయ్యాలి. కోసి ఆరబెట్టిన పంటకైతే కోత అయిన 14 రోజుల దాకా లెక్కలోకి వస్తుంది, దానికీ అదే 72 గంటలు. ఆ గడువు కరెంటు వచ్చేదాకా ఆగదు. నీళ్ళు దిగాక ఫోటో తీస్తే ఏముంటుంది, బురద. మునిగిన రోజే తీస్తే గట్టు, బోరు షెడ్డు, తేలుతున్న పనలు అన్నీ పడతాయి. ఆ ఒక్క రోజు ఫోనులో చార్జింగ్ ఉండాలి.

ఇక పెట్టె. బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, 12.8 వోల్టులు, 12 యాంపియర్ అవర్. లోపల రక్షణ బోర్డు, అదే బీఎంఎస్, ఉన్నదే అడిగి తీసుకోండి. రెండూ గుణిస్తే 153 వాట్ అవర్లు. 5000 ఎంఏహెచ్ ఫోను ఒకసారి నిండాలంటే మధ్యలో పోయేదీ కలుపుకుని పాతిక దాకా లాగుతుంది. చిన్న కెమెరా బ్యాటరీకి పది వేసుకోండి. అంటే ఫోను నాలుగు సార్లు, కెమెరా బ్యాటరీలు మూడు, తలకి కట్టుకునే లైటు ఒకసారి. రెండు మూడు రోజులు గట్టెక్కుతాం.

పవర్ బ్యాంకు చాలదా అంటారు. ఫోను ఒక్కటే ఉంటే చాలు, ఈ పెట్టె జోలికి రావద్దు, డబ్బు దండగ. కాకపోతే అట్ట మీద 20000 అని చూసి మురిసిపోకండి. అది 3.7 వోల్టుల లెక్క, మొత్తం 74 వాట్ అవర్లే. మన స్ప్రేయర్ బ్యాటరీ 12 వోల్టులు 8 యాంపియర్ అవర్ అయితే కాగితం మీద 96. కానీ అది లెడ్ బ్యాటరీ అయితే ప్రతిసారీ సగం దాటి పిండితే తొందరగా పోతుంది.

వైరింగులో ఒక్కటి మాత్రం మానొద్దు, ఫ్యూజు. బ్యాటరీ ప్లస్ బిళ్ళకి జానెడు లోపే 10 యాంపుల ఫ్యూజు పెట్టండి. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర హోల్డరుతో సహా దొరుకుతుంది. వైరు ఇంటికి వాడే 1.5 రాగి వైరే. ఫ్యూజు తర్వాత స్విచ్చి, అక్కడి నుంచి కార్లలో ఉండే 12 వోల్టుల సాకెట్లు రెండు. వాటిలో కారు చార్జర్లు. కెమెరా బ్యాటరీకి యూఎస్‌బీతో నడిచే చార్జరు కొనుక్కోండి. ఇన్వర్టరు పెడితే 12ని 230 చేసి, చార్జరు మళ్ళీ దాన్ని తగ్గించి, మధ్యలో బోలెడు వేడికే పోతుంది.

చిన్న వోల్టు మీటరు కూడా పెట్టాను. కానీ ఈ బ్యాటరీ చాలాసేపు 13 దగ్గరే నిలబడి, చివర్లో ఒక్కసారి జారిపోతుంది. 12.8 చూపించిందంటే పొదుపు మొదలుపెట్టండి.

పెట్టె కోసం మూతకి రబ్బరు పట్టీ ఉన్న ప్లాస్టిక్ టూల్ బాక్స్ తెచ్చాను. నలుపు వద్దు, లేత రంగు మేలు. ఒక పక్క స్పాంజి కోసి కెమెరా, లెన్సు. రెండో పక్క బ్యాటరీ, చార్జర్లు, అక్కడ స్పాంజి పెట్టకూడదు, వేడి బయటికి పోదు. చార్జింగ్ జరిగినంతసేపు మూత తెరిచే ఉంచండి. మన ఎండలు 45 దాకా పోతాయి కదా, అంత వేడిలో లిథియం బ్యాటరీని చార్జింగ్ పెట్టడం దానికి మంచిది కాదు. వేప చెట్టు నీడ చూసుకోండి. గడ్డివామి పక్కన, కొట్టంలో రాత్రంతా వదిలెయ్యడం అసలే వద్దు. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి వాడదాం అనుకోవద్దు. విడి కెమెరా బ్యాటరీలకి మూతలు తొడగండి, తాళంచెవి తగిలినా షార్ట్ అవుతుంది.

నింపడానికి ఇంట్లో 14.6 వోల్టుల లిథియం చార్జరు, 3 యాంపులదైతే నాలుగు గంటలు. 40 వాట్ల సోలార్ పలక కూడా ఉంది, మంచి ఎండలో ఒక రోజుకి దాదాపు నిండుతుంది. కంట్రోలరుకి ముందు బ్యాటరీ తగిలించి తర్వాత పలక తగిలించాలి, సెట్టింగు లిథియంలో పెట్టాలి. అయితే తుపాను మబ్బులో పలక ఏం చేస్తుంది? అందుకే వాతావరణ శాఖ హెచ్చరిక విన్న పూటే పెట్టె నింపేస్తాను.

ఫోటో ముందు ఫోనుతోనే తియ్యండి, లొకేషన్ ఆన్ చేసి. సిగ్నల్ లేకపోయినా లొకేషన్ పడుతుంది, సిగ్నల్ దొరికాక పంపొచ్చు. ఫోను కలిస్తే 14447కి చెప్పొచ్చు. కెమెరా ఫోటోలు అదనం, దాంట్లో తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. మీ పంటకి, మీ ఊరికి ఏ బీమా ఉందో రైతు సేవా కేంద్రంలో ముందే కనుక్కోండి, రాష్ట్రాన్ని బట్టీ పంటను బట్టీ మారుతుంది.

వైర్లు ఎట్లా పోయాయో కళ్ళారా చూడాలంటే మా ఇంటికి రండి. కోతలు మొదలు కాకముందే వస్తే తీరిగ్గా విప్పి చూపిస్తాను.