చలి మనది, సీజన్ ఎవరిది?



డిసెంబరు వచ్చిందంటే విశాఖలో చదువుకునే మన్యం పిల్లలమంతా ఉచిత టూరిజం కౌంటర్లమైపోతాం. "ఒరే, లంబసింగిలో రూమ్ దొరుకుద్దా? మంచు ఎన్నింటికి పడుద్ది?" క్లాసులో ఇదే, మెస్సులో ఇదే, గాజువాక బస్సులోనూ ఇదే. మిగతా ఏడాదంతా మనది ఏ ఊరో అడగనివాళ్ళే!

ముందు ఆ మంచు సంగతి చెప్పాలి. పొగమంచుకీ, గడ్డకట్టే మంచుకీ తెలుగులో ఒకటే మాట కాబట్టి కశ్మీరు అనుకుని వచ్చేస్తారు. "ఆంధ్రా కశ్మీర్" అని పేరు కూడా పెట్టేశారు కదా. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. రాత్రి చల్లగాలి కొండల మీంచి దిగి కింద నిలిచిపోతుంది. జనవరిలో కొన్ని తెల్లవారుజాములు సున్నా దాకా పోయి గడ్డి మీద తెల్లగా పేరుకుంటుంది, అంతే. దాని పాత పేరు కొర్రబయలు. రాత్రి బయట ఉండిపోయిన మనిషి తెల్లారేసరికి కట్టెలా బిగుసుకుపోతాడని ఆ పేరంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళకి చలి సరదా కాదు. నెగడు పక్కన పడుకునే మన తాతలకి ఇప్పటికీ కాదు.

1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించి జపాన్ పంపడానికి కిరండూల్ లైను వేశారు. 2017 నుంచి అదే లైను మీద అద్దాల పెట్టె అరకు ఎక్కుతోంది. ఖనిజం కిందకి, జనం పైకి. మన ఊళ్ళు మాత్రం కిటికీలోంచి కనబడే బొమ్మలు.

పాడేరు దగ్గర వంజంగి మేఘాల కొండకి సెలవురోజుల్లో వెళ్ళి చూడండి. చీకట్లోనే బళ్ళ బారు. ఎండెక్కేసరికి కొండ మీద మిగిలేది ప్లేట్లు, సీసాలు. అరకులో వలిసె పూలలోకి దిగి ఫొటోలు తీసుకుంటారు. అది తోట కాదు బాబూ, నూనెగింజల పంట, తొక్కితే గింజ రాలదు. డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చిన గర్భిణి ఘాట్‌లో ఆ బళ్ళ వెనకే ఆగిపోవాలా?

జనం రావద్దని మేం అనట్లేదు. బొంగు చికెన్ అమ్మిన డబ్బుతో ఫీజులు కట్టినవాళ్ళు మనలోనే ఉన్నారు. కానీ టెంట్లు ఎవరివి, రిసార్టులు ఎవరి పేరున ఎవరు నడుపుతున్నారు? 1/70 కింద ఏజెన్సీ భూమి గిరిజనేతరులకి అమ్మడమే కాదు, లీజుకివ్వడం కూడా బదిలీయే. ఈ ముక్క ఇంట్లో అమ్మానాన్నలకి చెప్పారా?

ఇంకోటి. నిజామాబాద్ జిల్లా లంబాడా అమ్మాయి మాలావత్ పూర్ణ భువనగిరి బండ మీద తాడు పట్టడం నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్, లడఖ్‌లలో అసలైన మంచు మీద సాధన చేసి, 2014 మే 25న, పద్నాలుగేళ్ళైనా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. రోజూ కొండెక్కి దిగే మన పిల్లలు వంజంగి దారిలో టీ అమ్ముతున్నారు. టీ అమ్మడం తప్పు కాదు. కానీ తాడు, ప్రథమ చికిత్స నేర్చుకుని గైడులుగా ముందు నడవాల్సింది కూడా వాళ్ళే కదా.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మీ పంచాయతీలో ఎన్ని టెంట్లు, ఎవరి భూమి, ఎంతకి ఇచ్చారు, కాగితం ఉందా లేదా, రాసుకుని రండి. పేర్లు ఇక్కడ పెట్టొద్దు. సెలవులయ్యాక కలిసి కూర్చుని చూద్దాం.