కుట్టుకునే కారు

కారు కొనుక్కోవడం విన్నాం, అద్దెకు తీసుకోవడం విన్నాం. కారు కుట్టుకోవడం ఎక్కడైనా విన్నారా? మా అబ్బాయి కుట్టుకుంటానంటున్నాడు!

దాన్ని కిట్ కారు అంటారట. జాకెట్టు గుడ్డ కత్తిరించి, చేతులూ మెడా విడివిడిగా చేతిలో పెట్టి, "ఇక మీరే కుట్టుకోండమ్మా" అంటే ఎలా ఉంటుంది? ఇదీ అంతే. ఇనుప గొట్టాల చట్రం, పైన కప్పే రేకులు, చక్రాలు, స్టీరింగు అన్నీ విడిగా వస్తాయి. ఇంట్లో బిగించుకోవాలి. ఇంగ్లండులో 1957లో లోటస్ సెవెన్ అనే బుల్లి కారును ఇలాగే అమ్మారు. తయారైన కారుకు అక్కడ కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాలకు ఉండేది కాదు. పన్ను తప్పించుకునే తెలివి మన సొత్తే అనుకుంటాం గానీ, దొరలేం తక్కువ తినలేదు. 1973లో ఆ కారు తయారీ హక్కులు కేటర్‌హామ్ అనే కంపెనీకి వెళ్ళాయి. ఇప్పటికీ ఇంచుమించు అదే రూపంలో తయారవుతోంది.

ఆ మాటకొస్తే మనకూ ఇది కొత్త కాదు. లారీ కొన్నవాళ్ళు ఉత్త చాసిస్ తోలుకొచ్చి, షెడ్డులో బాడీ కట్టించుకునేవాళ్ళు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, ఎండలో ఆ అస్థిపంజరాన్ని నడుపుకుంటూ పోయే డ్రైవర్లను మన తరం వాళ్ళం చూసే ఉంటాం.

మావాడికి ఈ కారు పందేల ట్రాకు మీద తిప్పడానికి కావాలి. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్ళే దారిలోనే షోలవరం ఉంది. యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే మీద అక్కడ ఏళ్ళ తరబడి కారు పందేలు జరిగాయి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలు సిసలు ట్రాకు వచ్చింది. కోయంబత్తూరు కరివర్ధన్ గారు 1980ల చివర్లో మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు రేసు కార్లు తయారుచేసి, పెద్ద ఆస్తులు లేని కుర్రాళ్ళకూ ఆ ముచ్చట తీర్చారు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. 2003లో కోయంబత్తూరులో వచ్చిన ట్రాకుకు ఆయన పేరే పెట్టారు.

ఇవన్నీ మావాడు నాకు ఒప్పజెప్పిన పాఠాలు. ఎందుకంటే, డిపాజిట్టు రసీదు నా బీరువాలో ఉంది.

డబ్బు సంగతి తర్వాత. మా తమ్ముడు 1994లో మద్రాసు రోడ్డు మీదే పోయాడు. వెనక దీపం లేకుండా ఆపిన లారీ, పైగా రాత్రివేళ. అప్పటినుంచి మా ఇంట్లో వేగం అనే మాట ఎవరూ ఎత్తరు. వీడు ఎత్తాడు.

"అమ్మా, మామ పోయింది వేగంతో కాదు, చీకట్లో నిలబడిన లారీతో. ట్రాకు మీద ఎదురొచ్చే బండి ఉండదు, బర్రె ఉండదు. అందరూ ఒకే దిక్కుకు పోతారు. హైవే మీద తోలేదానికంటే అదే మేలుమా!"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మోటారు సైకిలు మీద వాడు ఎంత వేగంగా పోతాడో నాకు తెలియంది కాదు. వద్దంటే మానేస్తాడా? నా కళ్ళ ముందు మానేస్తాడు.

తెల్లారి, "సరే, ఏ కారో చూద్దాం పద" అన్నాను.

ఒకటి, విదేశం నుంచి కిట్ తెప్పించడం. కస్టమ్స్ సుంకంతోనే ఆ మాట తెమిలిపోయింది. రెండు, ఒంటి సీటు కారు. మారుతి 800లో ఇంజనూ గేరుబాక్సూ కలిసి ముందు చక్రాలను తిప్పుతాయి. ఆ మూటను అలాగే ఎత్తి డ్రైవరు వెనక పెడితే వెనక చక్రాలను తిప్పుతుంది. మూడు, సెవెన్ నమూనాలో రెండు సీట్ల కారు. ఇంజను ముందు, తిరిగేది వెనక చక్రాలు. పాత మారుతి ఓమ్నీలోనూ వెనక చక్రాలే తిరుగుతాయి కాబట్టి దాని సామాను సరిపోతుంది. 1996లో రాన్ ఛాంపియన్ అనే ఆయన ఇలా పాత కారు సామానుతో కట్టుకోవడం ఎలాగో ఒక పుస్తకమే రాశాడు.

"రెండో సీటు ఎందుకురా? నీ ప్రాణం నీ ఇష్టం అన్నావు. పక్కన కూర్చునేవాళ్ళ ప్రాణం ఎవరిష్టం?" అన్నాను.

"నేర్పే మాస్టారు కూర్చునేదానికి."

ఆ జవాబుతో మూడోది ఖాయమైంది. వాడు జిప్సీ ఇంజను కావాలన్నాడు, 80 గుర్రాలట. ఓమ్నీకి 40 కూడా లేవు. నేను ఓమ్నీ అన్నాను. కారే 500 కిలోలుంటే, చిన్న ఇంజనైనా ఉరుకుతుంది, బ్రేకు వేస్తే చప్పున ఆగుతుంది, మలుపులో మాట వింటుంది. బరువు తగ్గితే అన్నిటికీ లాభమని చెప్పింది వాడే కదా!

మైపాడు గాలి సంగతి మాత్రం నేనే గుర్తుచేశాను. మా గేటుకు ఏటా రంగు వేయకపోతే పొరలు పొరలుగా రాలిపోతుంది. గొట్టాలకు బెజ్జాలు వేసి రేకులు బిగిస్తే, ఆ బెజ్జాల్లోంచి ఉప్పుగాలి లోపలికి పోదూ? పైగా ఇనుమూ అల్యూమినియమూ ఉప్పు తేమలో ఒకదాన్నొకటి తాకితే, తెల్లపిండి రాలేది అల్యూమినియానికే. అందుకని మధ్యలో రంగు పూత, బెజ్జాలకు మైనం లాంటి మందు, షెడ్డు మాత్రం సముద్రానికి దూరంగా నెల్లూరులో.

ఇంకా కొన్ని షరతులు పెట్టాను. కారుకు నంబరు ప్లేటు మాట ఎత్తకూడదు, ట్రాకుకు లారీ మీదే పోవాలి. బోల్తా పడినా తలను కాపాడే ఇనుప కమాను హెల్మెట్టు కంటే ఎత్తుండాలి. ఆరు పట్టీల బెల్టు, నిప్పార్పే సిలిండరు ఉండాలి. ఇవన్నీ బిగించి, మాస్టారి దగ్గర పాఠాలు మొదలయ్యాకే ఇంజనుకు డబ్బు.

"ఇంజను లేకుండా కారేందమ్మా?" అని మూతి ముడుచుకున్నాడు.

ప్రస్తుతం చట్రం షెడ్డులో రెడాక్సైడు పూసుకుని ఉంది. కమాను అతికించారు. ఇంజను ఇంకా రాలేదు. బ్రేకులు వచ్చాయి.