సరుకుల చీటీ

నెల మొదట్లో ఇంట్లో రాసే సరుకుల చీటీ చూస్తే ఆ ఇంటి పరిస్థితి సగం తెలిసిపోతుంది. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, ఎండుమిర్చి, నూనె, పంచదార, ఉప్మారవ్వ, కాఫీపొడి. ఏళ్లు గడిచినా ఆ వరస మారదు, పక్కనుండే అంకె మారుతుంది. రెండు కిలోలు రాసే చోట ఒకటిన్నర పడుతుంది, ఒకటిన్నర కాస్తా కిలో అవుతుంది. స్కూలు ఫీజు కట్టే నెలైనా, ఇంటద్దె పెంచిన నెలైనా చీటీయే చెప్పేస్తుంది. అద్దె మనం తగ్గిస్తే తగ్గేది కాదు, ఫీజూ అంతే. ఈఎంఐ సంగతి సరేసరి, జీతం పడీ పడకముందే పోతుంది. మన చేతిలో ఉన్నది వంటిల్లొక్కటే. అందుకే ఏ ఖర్చు పెరిగినా కోత వంటింటికే పడుతుంది.

కేంద్ర గణాంక శాఖ 2022-23లో చేసిన గృహ వినియోగ సర్వే ప్రకారం పల్లెల్లో ఇంటి ఖర్చులో నూటికి 46 రూపాయలు, పట్టణాల్లో 39 రూపాయలు తిండికే పోతున్నాయి. ఇది సగటు లెక్క. కూలి మీద బతికే ఇంట్లో ఈ వాటా ఇంకా ఎక్కువ. అదే సర్వేలో ఇంకో లెక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాలకి మనం పెడుతున్నది నూటికి 5 రూపాయల లోపే. చిరుతిళ్లు, ప్యాకెట్ సరుకులు, టీ, కాఫీ, కూల్‌డ్రింకులు, బయటి భోజనం కలిపితే పల్లెల్లో తొమ్మిదిన్నర, పట్టణాల్లో పదిన్నర దాటింది. ధాన్యాలకి అయ్యే దానికి పల్లెల్లో దాదాపు రెట్టింపు, పట్టణాల్లో అయితే రెట్టింపుకి మించి. ధరలు పెరిగాయనగానే మన చెయ్యి ముందు పప్పు డబ్బా మీదికి పోతుంది గానీ బిస్కెట్ల అరమీదికి పోదు. పిల్లలు ఏడుస్తారని కొంతా, వచ్చినవాళ్ల ముందు పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలని కొంతా.

మా అమ్మమ్మ వాళ్ల రోజుల్లో సరుకంతా ఏడాదికోసారి తెచ్చుకునేవారు. సంక్రాంతి దాటాక కొత్త బియ్యం, ఆ వెనకే కందులు, శివరాత్రి తర్వాత మిర్చి, చింతపండు. పంట చేతికొచ్చిన రోజుల్లో ఏదైనా చవక. కందిపప్పుని అమ్మమ్మ ఎండలో పోసి, వేడి చల్లారాక అరచేతిలో నాలుగు చుక్కలు ఆముదం వేసుకుని, పప్పంతా మెరిసేదాకా రుద్దేది. డబ్బాకెత్తి మూత బిగిస్తే మళ్లీ పంట వచ్చేదాకా పురుగు పట్టేది కాదు. వండేముందు రెండుసార్లు కడిగితే ఆముదం వాసన పోయేది. చింతపండుకి గింజలూ ఈనెలూ తీసి, ఉప్పు కలిపి ఉండలు చుట్టి జాడీలో పెట్టేది. బియ్యంలో వేపాకు వేసేది. బియ్యం పాతబడితే ఎసరు బాగా పీల్చుకుని, పొడిపొడిగా, అదే కొలతకి ఎక్కువ అన్నం అవుతుంది. కాబట్టి జనవరిలో కొని జులైలో వండుకున్న ఇంటికి రెండు వైపులా లాభమే.

ఇదంతా మనం మరిచిపోయామని నేననను. రెండు గదుల అద్దింట్లో బస్తాలు పెట్టే చోటేది? పైగా ఏడాది సరుకు కొనాలంటే డబ్బు ఒక్కసారే చేతిలో ఉండాలి. లేనివాడు పది రూపాయల నూనె ప్యాకెట్టు, వంద గ్రాముల పప్పు కొంటాడు. అలా కొన్నదే కిలో లెక్కన చూస్తే అందరికంటే ఖరీదు. పేదవాళ్లు దుబారా చేస్తారనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. చవకగా కొనగలగడానికి ముందు డబ్బుండాలి.

దీనికి మా వీధిలో ఆడవాళ్లం ఒక దారి చూసుకున్నాం. మిర్చి, చింతపండు, కందిపప్పు కొత్తవి దిగగానే కొన్ని ఇళ్లవాళ్లం డబ్బు కలిపి టోకున తెప్పించి, తూకం వేసి పంచుకుంటాం. చోటు సమస్య సగం తీరింది, డబ్బు సమస్యా సగం తీరింది. డ్వాక్రా సంఘాలున్న ప్రతి ఊళ్లో ఇది చెయ్యొచ్చు. నెలనెలా పొదుపు కట్టడం తెలిసిన వాళ్లకి ఇది కష్టమైన పనేం కాదు.

కొట్లో అచ్చు చదవడం కూడా నేర్చుకోవాలి. 2022 జులై నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది. 25 కిలోలు దాటితే పన్ను లేదు. ఆ తర్వాతే మన బియ్యం బస్తాలు చాలా చోట్ల 26 కిలోలవయ్యాయి. రెండు కొట్ల ధరలు పోల్చేటప్పుడు బస్తా ధర చూడకుండా కిలో ఎంత పడిందో చూడండి. నూనె ప్యాకెట్టు ఇంకా మాయ. లీటరు నూనె తూకానికి సుమారు 910 గ్రాములు ఉండాలి. పక్కనే అదే ఎత్తు, అదే రంగు ప్యాకెట్టు ఐదారు రూపాయలు తక్కువకి దొరుకుతుంది, తిప్పి చూస్తే 850 గ్రాములో, 800 గ్రాములో ఉంటుంది. చాలా ప్యాకెట్ల మీద గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ఇప్పుడు అచ్చు వేస్తున్నారు. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, అయినా వెతికి చదవండి.

నూనె ధర మన చేతుల్లో లేదు. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి రావాల్సిందే. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైతే పొద్దుతిరుగుడు నూనె మన కొట్లో లీటరు 200 దాకా పోయింది. అదే ఏడాది ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది, మూడు వారాల తర్వాత గానీ వదల్లేదు. 2024 సెప్టెంబరులో, సరిగ్గా దసరా ముందు, కేంద్రం దిగుమతి సుంకం పెంచింది. నూనెగింజల రైతుకి ధర రావాలని పెంచామన్నారు, అది న్యాయమే. కానీ ఆ భారం మోసింది మాత్రం పండక్కి అరిసెలు వండాలనుకున్న ఇల్లాలు. మరుసటి ఏడాది మే చివర్లో ముడి నూనెల మీద మూల సుంకం 20 నుంచి 10 శాతానికి తగ్గించారు.

టమాటా సంగతి వేరు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లోనే ధర చుక్కలు చూపించింది, కొట్లలో కిలో 150 దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లలో 50 రూపాయలకి అమ్మితే జనం బారులు కట్టారు. అదే మదనపల్లెలో ధర పడిపోయి, కోత కూలి కూడా రాక రైతులు పంటని రోడ్డు పక్కన పారబోసిన రోజులు మనకి కొత్త కాదు. టమాటా చవకైన వారాల్లో కొన్ని కిలోలు కొని ఉప్పులో ఊరేసి ఎండబెట్టి నిల్వపచ్చడి పెట్టుకుంటే మనకీ మేలు, ఆ వారం రైతుకీ ఆసరా. ధర మండినప్పుడు మన వంటలో పులుపుకి కరువేముంది? చింతపండు, చింతచిగురు, గోంగూర, చుక్కకూర, మామిడి ఒరుగులు. టమాటా లేకపోతే కూరే లేదన్నది ఈ మధ్య పట్టుకున్న అలవాటు. కూరగాయలకి రైతు బజార్లు 1999 నుంచీ ఉన్నాయి. ధరల బోర్డు చూసి కొనే వీలు అక్కడుంది. ఏరుకోవాలంటే పొద్దున్నే వెళ్లాలి, బేరం కుదరాలంటే పొద్దుగూకే వేళకి వెళ్లాలి.

ఇంత చేసినా ఒక హద్దు దాటాక పొదుపు పొదుపుగా ఉండదు. తెలిసినావిడ ఇంట్లో ఒకసారి భోజనాల వేళ ఉన్నాను. పిల్లల కంచాల్లో పప్పు వడ్డించింది, భర్తకి వడ్డించింది, అత్తగారికి వడ్డించింది. గిన్నె అడుగున గరిటెడు మిగిలితే అందులో చింతపండు రసం పోసి, నీళ్లు పోసి, పొయ్యి మీద పెట్టింది.

"నీకేదీ?" అన్నాను.

"నాకు పప్పెందుకులే వదినా, చారు చాలు. పెద్దగా సయించదు కూడాను."

సయించకేం, ఆవిడ చేతి ముద్దపప్పు ఆవిడకే ఎంతిష్టమో నాకు తెలుసు. ధరలు పెరిగిన నెలల్లో మన ఇళ్లలో ముందు ఖాళీ అయ్యేది ఆడవాళ్ల కంచం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. దీనికి కారణాలు చాలా ఉంటాయి, చాలీచాలని తిండి అందులో ఒకటి. ఇంట్లో మగవాళ్లకి నేను చెప్పేదొకటే. వడ్డించుకునే ముందు గిన్నెలోకి తొంగి చూడండి, ఆవిడకి మిగిలిందో లేదో. కందిపప్పు మండుతుంటే సగం పెసరపప్పు కలపండి, ఎర్రపప్పు వండండి, సొరకాయో బచ్చలో వేసి కూరపప్పు చేయండి, అలసందలు, ఉలవలు తెండి. ఏదో ఒక పప్పు మాత్రం అందరికీ అందాలి.

కందిపప్పు కూడా ఇంటి తెలివితో లొంగే సరుకు కాదు. తాండూరు కందిపప్పుకి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంతోషించాం, కానీ దేశానికి సరిపడా కందులు ఇక్కడ పండవు. మయన్మార్, మొజాంబిక్, టాంజానియా, మలావీల నుంచి తెచ్చుకుంటాం. 2023లో వానలు మొహం చాటేశాక ధర కిలో 180 దాకా ఎక్కింది. ఇల్లాలు ఎంత సర్దుకున్నా ఆ ఎత్తుని అందుకోలేదు.

అక్కడ ప్రభుత్వం రావాలి. వచ్చిన రోజులూ ఉన్నాయి. 1983లో కిలో 2 రూపాయల బియ్యంతో మొదలైన దారి, 2025లో తెలంగాణ రేషన్ షాపుల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇచ్చేదాకా వచ్చింది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకి తొమ్మిది సరుకులు ఇచ్చారు. కందిపప్పు, పామాయిల్, చింతపండు, కారం, పసుపు అన్నీ అందులో ఉన్నాయి. నాణ్యత బాగోలేదన్న ఫిర్యాదులు వచ్చాయి, వాటిని సరిదిద్దాల్సింది. అసలు పథకమే పోయింది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకీ నా మనవి ఇదే. బియ్యంతో కడుపు నింపారు, సంతోషం. ఇక ప్రతి కార్డుకీ కిలో కందిపప్పు, లీటరు నూనె అందుబాటు ధరకి, ఒక నెల ఇచ్చి ఒక నెల ఎగ్గొట్టకుండా, పన్నెండు నెలలూ ఇవ్వండి.