ఒక లఘువు, ఒక గురువు

మొన్న సాయంత్రం మా అమ్మాయి తెలుగు పుస్తకం తెచ్చి నా ముందు పడేసింది. పదో తరగతి. ఛందస్సంటే దానికి కంపరం. ఉత్పలమాల గణాలు భ ర న భ భ ర వ అని చెప్పి, పాదానికి గురులఘువులు గుర్తించమన్నాను. చివరికొచ్చేసరికి పెన్ను ఆపి పకపకా నవ్వింది. "అమ్మా, చివర్లో చూడు, ఐ యూ!"

నాకూ నవ్వాగలేదు. దానికి అర నిమిషంలో తట్టింది, నాకు తట్టడానికి ఆరు నెలలు పట్టింది మరి.

1991లో నేను మా ఊరి హైస్కూల్లో పదో తరగతి. ఆడపిల్లలం ఒక పక్క, మగపిల్లలు ఒక పక్క. ఏడాదంతా ఒకే గదిలో కూర్చున్నా మాటల్లేవు. నాకు పద్యాలు బాగా వస్తాయని తెలుగు మాస్టారు అందరి హోంవర్కు పుస్తకాలూ నాకిచ్చి దిద్దమనేవారు. ఎర్ర పెన్ను చేతికొచ్చిందని నా గర్వం అంతా ఇంతా కాదు!

ఒకసారి చివరి బెంచీ అబ్బాయి పుస్తకంలో, ఆఖరి పేజీలో, రెండే గుర్తులు. నిలువు గీత, కాస్త ఖాళీ, తర్వాత గురువు గుర్తు. I   U. అంతే. నేను కింద ఎర్రగా రాశాను: "ఇది వ గణం. మిగతా గణాలేవి?"

వారం తర్వాత పుస్తకం మళ్ళీ వచ్చింది. కింద చిన్న అక్షరాలతో, "మిగతావి నాకు రావు" అని ఉంది.

"నేర్చుకో" అని రాసి పంపాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పబ్లిక్ పరీక్షలో తెలుగు పేపరు రాస్తున్నాను. ఉత్పలమాలే వచ్చింది. గుర్తులు పెట్టుకుంటూ పాదం చివరికొచ్చాను. లఘువు, గురువు. పెన్ను ఆగిపోయింది. చెవులు వేడెక్కాయి. నాలుగు వరసల అవతల అతను తల వంచుకుని రాసుకుంటున్నాడు.

ఆఖరి పరీక్ష రోజు సైకిళ్ళ దగ్గర ఎదురుపడ్డాడు. "తెలుగు బాగా రాశావా?" అన్నాడు. ఏడాది మొత్తమ్మీద నాతో అన్న మొదటి మాట. "రాశాను. చివరి గణం కూడా అర్థమైంది" అన్నాను. అతను నవ్వాడు. ఇంతలో గేటు దగ్గర నాన్న సైకిల్ బెల్లు మోగించారు. మళ్ళీ అతన్ని చూడలేదు.

ఇందులో ప్రేమేముంది అంటారేమో. ఆ సంక్రాంతికి ముందే మా క్లాసు పిల్ల సంచిలో ఎవరో పెట్టిన ఉత్తరం దొరికింది. అది రాసింది ఆ పిల్ల కాదు. అయినా మర్నాటి నుంచి బడి మాన్పించారు, పరీక్షలు కూడా రాయనివ్వలేదు. వేసవిలో పెళ్ళి చేసేశారు. మా ఇంట్లోనైనా అంతే జరిగేది. నేను బి.ఏ. తెలుగు చదివేదాన్నే కాదు. అతను రాసింది మాస్టారు చూసినా, నాన్న చూసినా అది ఛందస్సే! అలా ఆలోచించే రాశాడో, ధైర్యం చాలక రాశాడో తెలియదు. నా చదువు మాత్రం నిలబడింది. అందుకే ఆ రెండు గుర్తులంటే నాకింత ఇష్టం.

ఇదంతా అమ్మాయికి చెప్తుంటే హాల్లోంచి మావారు, "ఇంతకీ ఆ అబ్బాయికి మార్కులెన్ని వేశావోయ్?" అన్నారు. ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం.

రాత్రి వంటిల్లు సర్దుకుంటుంటే అమ్మాయి వచ్చి గట్టు మీద కూర్చుంది. కాసేపు గరిటెతో ఆడుకుంది. "అమ్మా, మా క్లాసులో ఒకబ్బాయి..." అంది, నా మొహంలోకి చూస్తూ.

మా అమ్మకి నేను ఎప్పటికీ చెప్పలేకపోయిన మాట అది. స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని, దాని పక్కన కూర్చున్నాను.

"ఊఁ, చెప్పు" అన్నాను.