పీచు మిఠాయి రంగుకి చుట్టాలు

2024 ఫిబ్రవరిలో తమిళనాడులో పీచు మిఠాయి అమ్మకాలు నిషేధించారు, గుర్తుందా? అందులో కలిపిన రోడమిన్-బి అనే రంగు వల్ల. ఆ వార్త లింకు ఫ్యామిలీ గ్రూపులో పెట్టి మా పిన్ని అడిగింది: "ఏమే, నువ్వు ల్యాబులో చేసేది ఈ విషమేనా?"

ఇది కాదు పిన్నీ, దీని చుట్టాలు.

నా పీహెచ్‌డీ అంతా రోడమిన్ కుటుంబంతోనే. 1887 నుంచీ ఉన్న పాత రంగులివి. బతికున్న కణంలో ఒక ప్రోటీన్ ఎటు పోతోందో చూడ్డానికి ఇప్పుడు వీటినే వాడుతున్నాం. చూడాల్సిన ప్రోటీన్‌కి హాలోట్యాగ్ అనే ఇంకో చిన్న ప్రోటీన్‌ని జన్యువులోనే తోకలా తగిలిస్తారు. మేం చేసే రంగు వెళ్లి ఆ తోకని పట్టుకుంటుంది, ఇక వదలదు. లేజర్ వేస్తే వెలుగుతుంది.

చిక్కల్లా ఆ లేజర్‌తోనే. వెలుతురు ఎక్కువైతే కణం చచ్చిపోతుంది. చచ్చిన కణాన్ని వీడియో తీసి ఏం లాభం? తక్కువ వెలుతురుకే గట్టిగా వెలిగే రంగు కావాలి.

అమెరికాలోని జనీలియా పరిశోధన కేంద్రంలో ల్యూక్ లావిస్ బృందం 2015లో చూపించిన కిటుకు చూస్తే నాకిప్పటికీ అసూయే. టెట్రామిథైల్ రోడమిన్‌లో రెండు నైట్రోజన్లకు రెండేసి మిథైల్ గ్రూపులుంటాయి. వెలుతురు తగలగానే ఆ భాగం మెలితిరుగుతుంది, శక్తి వెలుగుగా రాకుండా వృథా అయిపోతుంది. వాళ్లు ఆ మిథైళ్లు తీసేసి, నైట్రోజన్‌ని అజెటిడిన్ అనే నాలుగు మూలల ఉంగరంలో ఇరికించారు. అంతే! పీల్చుకున్న 100 ఫోటాన్లలో 41 తిరిగిచ్చే రంగు కాస్తా 88 ఇచ్చింది.

ఆ ఉంగరం పెట్టే నేనూ ఒక కొత్త రంగు చేశాను. ఎనిమిది నెలల పని. సీసాలో ధగధగలాడింది. కణాల మీద పోస్తే లోపలంతా చీకటి. రంగు కణపొర బయటే ఆగిపోయింది.

రోడమిన్‌కి రెండు రూపాలు. తెరుచుకుంటే వెలుగుతుంది. ముడుచుకుంటే రంగే ఉండదు, కానీ నూనె గుణమున్న కణపొరని సులువుగా దాటేస్తుంది. నాది ఎప్పుడూ తెరుచుకునే ఉంటోంది. అందుకే ఉంగరానికి ఫ్లోరిన్ తగిలించి, కాస్త ముడుచుకునేలా మార్చాను. మరీ ముడుచుకుంటే తోకని పట్టుకున్నాక కూడా తెరుచుకోదు, అదో భయం.

కొత్తది సీసాలో దాదాపు నీళ్లలా ఉంది. మా గైడ్ చూసి పెదవి విరిచారు. నాకైతే ఇదే నచ్చింది. తోక దొరకని రంగు వెలగకుండా ఊరుకుంటే చుట్టూ మసక ఉండదు, బొమ్మ శుభ్రంగా వస్తుంది.

ఫెలోషిప్ మార్చితో అయిపోతుంది. మైక్రోస్కోప్ స్లాట్ గురువారం దొరికింది, రాత్రి 11 నుంచి 2 దాకా.