పెట్రోల్‌కీ సబర్ కావాలి

మా ఖాందాన్‌లో ఎవరైనా గాడీ కొంటే ముందు రంగు అడుగుతారు, తర్వాత మైలేజీ, ఆ తర్వాత "కిత్నే మే పడీ?" అని హిసాబ్. ఇందులో ఏ పెట్రోల్ పొయ్యాలి అని అడిగిన మనిషిని నేను చూళ్లేదు. బంకుకి పోతాం, "పాంచ్ సౌ కా" అంటాం, మీటర్‌లో సున్నా చూస్తాం, వచ్చేస్తాం. మామూలు గాడీకి ఈ తరీఖా చాలు కూడా. మస్లా అంతా షౌక్ గాడీలతోనే.

మా ఆపా కొడుకు హైదరాబాద్‌లో నౌకరీ చేస్తాడు. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక గాడీ తీసుకున్నాడు. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 230 హార్స్‌పవర్. కంపెనీ పేరు ఎందుకులెండి, గాడీ తప్పేం లేదు. సగం వాడి జీతం, సగం జుబైల్ నుంచి దుల్హేభాయ్ పంపిన రియాళ్లు. ఏడాది తిరిగేసరికి వాడికి 230 చాల్లేదు. ఒక ట్యూనింగ్ షాపుకి పోయి గాడీ కంప్యూటర్‌లో కొత్త ఫైల్ వేయించాడు. రీమ్యాప్ అంటారు దాన్ని. 300 వస్తుందన్నారు, వచ్చిందనే వాడూ చెప్పాడు. ఇదంతా జనవరి మాట.

మే నెలలో అమ్మీనీ, ఆపానీ కూర్చోబెట్టుకుని కర్నూలు వస్తున్నాడు. ఏసీ ఫుల్లు, బయట నిప్పులు, ముందు లారీల వరస. ఒక్కొక్క లారీని దాటడానికి కాలు అడుగుదాకా తొక్కుతున్నాడు. పెబ్బేరు ఇంకా రాలేదు, ఇంజిన్ ఠక్ ఠక్‌మంది. కాసేపటికి వణికింది. ఆ తర్వాత వెనక నీలం పొగ. అమ్మీకి డెబ్బై నాలుగేళ్లు. ఇంకో గాడీ వచ్చేదాకా గంటన్నర సేపు వేపచెట్టు కింద తస్బీ తిప్పుతూ కూర్చుంది.

ఇంజిన్ విప్పితే ఒక పిస్టన్‌లో రింగు కూర్చునే గాడి అంచు విరిగి ఉంది. బిల్లు 3 లక్షల 40 వేలు. భాంజీ నికాహ్ కోసం ఆపా కట్టుకొచ్చిన చిట్టీ ఎత్తి అది కట్టారు. ఇక ఇంట్లో తకరార్ చెప్పక్కర్లేదు. ఆపా "నజర్ లగ్ గయీ" అంది. దుల్హేభాయ్ ఫోన్లో "బంకువాడు మిలావట్ చేశాడు" అన్నాడు. వాడు మాత్రం ఒకటే మాట. "మామూ, 93 ఆక్టేన్ చాలన్నారు. నేను 95 పోశా. రెండు ఎక్కువే పోశా."

నేను అక్కడ ఆగిపోయాను. ఇరవై ఏళ్లు పేపర్ డెస్కులో కూర్చున్నవాడికి ఎవరైనా అంకె చెబితే ముందు వచ్చే సవాల్ ఒకటే: ఈ అంకె ఏ లెక్కది?

ఉర్దూ మీడియం బడిలో మా సర్ బోర్డు మీద 'దాఖిలీ ఎహ్‌తెరాఖీ ఇంజిన్' అని రాసేవారు. పిల్లలకి నోరు తిరిగేది కాదు. డిగ్రీలో తెలుగు చదివి డెస్కుకొచ్చాక అదే 'అంతర్దహన యంత్రం' అయింది. ఇదీ నోరు తిరగదు. కర్నూల్లో మా మెకానిక్ ఉస్తాద్ "అందర్ జల్తా" అంటాడు, అయిపోయింది.

ఆ అందర్ జల్నా ఎట్లాగంటే, సిలిండర్‌లోకి గాలీ పెట్రోలూ చేరతాయి. పిస్టన్ పైకొచ్చి ఆ మిశ్రమాన్ని పదో వంతుకి నొక్కేస్తుంది. నొక్కితే హరారత్ పెరుగుతుంది. సైకిల్‌కి పంపు కొడితే గొట్టం కాలుతుందే, అదే సంగతి. సరైన వక్త్‌కి ప్లగ్గు చింగారీ వేస్తుంది. మంట అక్కడ మొదలై అంచులకి పాకుతూ పిస్టన్‌ని కిందికి తోస్తుంది. కష్టమంతా మంట ఇంకా చేరని మూలన ఉన్న మిశ్రమానిది. కింద పిస్టన్ దబావ్, పక్కనుంచి ముంచుకొచ్చే మంట దబావ్. తట్టుకోలేక అది తనంతట తానే భగ్గుమంటే పిస్టన్ నెత్తిన సుత్తి పడ్డట్టే. ఆ చప్పుడే ఠక్ ఠక్. బండ్లవాళ్లు నాకింగ్ అంటారు.

ఆక్టేన్ నంబర్ చెప్పేది ఈ ఒక్క గుణమే. ఎంత నొక్కినా, ఎంత కాగినా తన వక్త్ వచ్చేదాకా మండకుండా ఆగడం. మన కుర్రాళ్లు దీన్ని తాఖత్ అనుకుంటారు. ఇది సబర్. 100 ఆక్టేన్ లీటర్‌లో 91 ఆక్టేన్ లీటర్ కంటే ఎక్కువ శక్తి ఏమీ దాచిపెట్టి ఉండదు. గట్టిగా నొక్కే ఇంజిన్‌కే ఆ సబర్‌తో పని. టర్బో అంటే గాలిని బలవంతంగా కుక్కే పంఖా. కుక్కే కొద్దీ దబావ్, దబావ్ కొద్దీ ఆక్టేన్ అవసరం.

ఈ నంబర్ వేసే పద్ధతి కూడా తెలుసుకోవాలి, తకరార్ అంతా అందులోనే ఉంది. ఐసో-ఆక్టేన్ అనే ద్రవానికి 100, హెప్టేన్ అనే దానికి 0. ఒకే సిలిండర్ ఉన్న టెస్టు ఇంజిన్‌లో మన పెట్రోల్ పోసి నొక్కుడు పెంచుతూ పోతారు. 95 పాళ్లు ఐసో-ఆక్టేన్, 5 పాళ్లు హెప్టేన్ కలిపిన మిశ్రమం లాగే అదీ ఠక్‌మంటే దానికి 95 వేస్తారు. ఆ ఇంజిన్‌ని నిమిషానికి 600 చుట్లు తిప్పి కొలిస్తే వచ్చేది రాన్. 900 చుట్లు తిప్పి, లోపలికి పోయే మిశ్రమాన్ని బాగా వేడి చేసి కొలిస్తే మాన్. మాన్ ఇంకా కఠినమైన ఇమ్తెహాన్ కాబట్టి బంకు పెట్రోల్‌కి మార్కులు 8 నుంచి 10 దాకా తగ్గుతాయి. మన దేశంలో, గల్ఫ్‌లో, యూరప్‌లో చెప్పే నంబర్ రాన్. అమెరికాలో మాత్రం రెండూ కూడి సగం చేసి రాస్తారు. అక్కడి పంపు మీద ఆర్ ప్లస్ ఎమ్ బై 2 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అమెరికాలో మామూలు పెట్రోల్ 87 అంటే మనవాళ్లు నవ్వుతారు గానీ, అది మన లెక్కలో ఇంచుమించు 91. అక్కడి 93 మన 98 చుట్టుపక్కల.

షాపు ఇచ్చిన బిల్లు తెమ్మన్నాను. 'స్టేజ్ 1, 93 ఆక్టేన్ ఫైల్' అని ఉంది. ఫైల్ బయటి ముల్క్‌ది, 93 అమెరికా లెక్క. మనవాడు పోసింది దారిలో బంకుల్లో దొరికే మామూలు పెట్రోల్. ఇరవై శాతం ఇథనాల్ కలిశాక దాని రాన్ 95 అని సర్కారు చెబుతోంది. సరే, 95 అనే అనుకుందాం. అమెరికా లెక్కలో అది 90 చుట్టూ వస్తుంది. రెండు ఎక్కువ పోశాననుకున్న మనిషి మూడు తక్కువ పోశాడు. షాపువాళ్లు ఒక్క ముక్క తర్జుమా చేసి చెప్పి ఉంటే సరిపోయేది. డబ్బు తీసుకుని అంకె చేతిలో పెట్టి పంపడం ఏం ఇన్సాఫ్?

కంపెనీ ఇచ్చిన ఫైలే ఉండి ఉంటే ఇంత జరిగేది కాదు. మా ఉస్తాద్ ఇంజిన్ మీద పెద్ద స్క్రూడ్రైవర్ ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని వింటాడు. కొత్త గాడీల్లో ఆ చెవి కంపెనీవాళ్లే బిగిస్తారు, నాక్ సెన్సర్ అని. ఠక్ వినబడగానే కంప్యూటర్ చింగారీని కొంచెం ఆలస్యం చేస్తుంది. పికప్ తగ్గుతుంది, మైలేజీ తగ్గుతుంది, పిస్టన్ మాత్రం బతుకుతుంది. కంపెనీవాళ్లు దుబాయ్ ఎండనీ, చెత్త పెట్రోల్‌నీ, మనలాంటి డ్రైవర్లనీ ఖయాల్‌లో పెట్టుకుని కాస్త గుంజాయిష్ వదులుతారు. రీమ్యాప్ చేసేవాడు అమ్మేది ఆ గుంజాయిష్‌నే. జనవరి చలిలో తక్కువైన మూడు నంబర్లు బయటపడలేదు. మేలో లోపలికి పోయే గాలే సలసల కాగుతుంటే ఇక చెవి విన్నా చేసేదేం లేకపోయింది.

దుల్హేభాయ్‌కి ఇది చెబితే ముందు ఒప్పుకోలేదు. మిలావట్ అబద్ధమని నేనూ అనలేదు. కిరోసిన్ కలిస్తే ఆక్టేన్ పడిపోవడం నిజం. కానీ ఇక్కడ గవాహీ బిల్లు మీదే ఉంది. "మీ దగ్గర బంకులో రెండు రంగులుంటాయి కదా?" అన్నాను. సౌదీలో పచ్చది 91, ఎర్రది 95. ఆయన తన జపాన్ గాడీలో ఏళ్లుగా పచ్చదే పోస్తాడు, ఇంజిన్‌కి ఒక్క దగ్గు లేదు. పక్క గదిలోని మనిషి అలాంటి గాడీలోనే ఎర్రది పోస్తాడట, ఇజ్జత్ కోసం. దుబాయ్‌లో అయితే 98 కూడా ఉంది, దాని పేరే సూపర్. పేరు విన్నాక మనసు ఆగుతుందా?

ఈ సబర్‌ని పెట్రోల్‌కి నేర్పడానికి ఒకప్పుడు సీసం కలిపేవారు. 1921లో అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్జ్లీ కనిపెట్టాడు. ఆల్కహాల్‌కీ ఆ గుణం ఉందని ఆ రోజుల్లోనే తెలుసు. అయినా చిటికెడు చాలే సీసమే గెలిచింది. ఆ పొగ పిల్లల మెదడుకి చేసిన నుఖ్సాన్ ఒప్పుకోవడానికి దునియాకి దశాబ్దాలు పట్టింది. మన దేశంలో 2000లో ఆపేశారు, అన్నిటికంటే ఆఖర్న అల్జీరియా 2021లో. మా ఉస్తాద్ పదేళ్ల షాగిర్ద్‌గా షెడ్డులో చేరినప్పుడు ట్యాంకులోంచి పెట్రోల్ తీయాలంటే పైపు నోట్లో పెట్టి పీల్చేవాడట. అది సీసం పెట్రోల్ అని వాడికి చెప్పిందెవరు? మన బస్తీల్లో బడి మానేసి షెడ్డుల్లో చేరిన ఎందరు 'ఛోటూ'లు ఆ పైపు పీల్చారో ఎవరూ లెక్క రాయలేదు.

ఇప్పుడు నూరేళ్లు తిరిగి మళ్లీ ఆల్కహాల్ దగ్గరికే వచ్చాం. ఇథనాల్ రాన్ 108 దాకా ఉంటుంది. ఆవిరయ్యేటప్పుడు చల్లదనం కూడా ఇస్తుంది, అందుకే టర్బో ఇంజిన్‌కి నిజంగా మంచిది. కానీ లీటర్‌కి శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. ఐదో వంతు కలిపితే ట్యాంకులోని శక్తి ఆరేడు శాతం తగ్గినట్టే. ఆక్టేన్ పెరిగింది, శక్తి తగ్గింది. తాఖత్ వేరు, సబర్ వేరు అనడానికి ఇంతకంటే సబూత్ అక్కర్లేదు. పాత గాడీలకి రబ్బరు గొట్టాల ఫికర్ వేరే ఉంది, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు నుంచి పిల్లలు నన్ను పెట్రోల్ మౌల్వీని చేశారు, కాబట్టి తెలిసింది చెబుతా. పెట్రోల్ మూత తెరవండి, లోపల స్టిక్కర్ ఉంటుంది, లేకపోతే గాడీ కితాబ్‌లో ఉంటుంది. అక్కడ రాన్ అని ఉందా లేదా ముందు చూసుకోండి, అమెరికా వీడియోల్లో చెప్పే నంబర్‌ని ఇక్కడికి మోసుకు రాకండి. 'కనీసం' అని రాసిన నంబర్ ఫర్జ్ లాంటిది, దాని కిందికి పోకూడదు. 'సిఫారసు' అని రాసింది పోస్తే గాడీ తన పూర్తి పికప్ ఇస్తుంది, పోయకపోతే కొంచెం నీరసంగా నడుస్తుంది, అంతే. ప్రీమియమ్ అని అమ్మేదల్లా ఎక్కువ ఆక్టేన్ కాదు. కొన్నిట్లో కలిసేది ఇంజిన్‌ని శుభ్రం చేసే మందు మాత్రమే. ఎక్స్‌పీ95, స్పీడ్ 97, ఎక్స్‌పీ100 లాగా పేరులోనే నంబర్ ఉంటే సందేహం లేదు. ఎక్స్‌పీ100 వచ్చిన కొత్తలో, 2020 డిసెంబర్‌లో, ఢిల్లీలో లీటరు 160 రూపాయలు. అప్పుడు మామూలు పెట్రోల్ 82. మా చిన్న తమ్ముడు తన 1.2 లీటర్ల గాడీకి అది పోయిస్తానన్నాడు. ఇస్రాఫ్ అన్నాను. ఆ ఇంజిన్ నొక్కేదే తక్కువ, అంత సబర్‌తో దానికేం పని?

హైవే మీద కావాల్సింది దొరక్క తక్కువ ఆక్టేన్ పోయించాల్సి వస్తే భయపడొద్దు. కాలు మెత్తగా పెట్టండి. పెద్ద గేర్‌లో తక్కువ స్పీడు మీద పూర్తిగా తొక్కడమే ఇంజిన్ మీద జుల్మ్, గేర్ దించి దాటండి. తర్వాతి బంకులో పెద్ద నంబర్ దొరికితే కలిపేయండి. సగం 91, సగం 100 కలిపితే ఇంచుమించు 95 అవుతుంది.

భాంజా గాడీకి మళ్లీ కంపెనీ ఫైలే వేశారు, 230. స్టిక్కర్ మీద 95 ఉంది, నంబర్ ఉన్న 95 పోస్తున్నాడు. చిట్టీ డబ్బు నెలనెలా ఆపాకి కడుతున్నాడు, ఇంకా పదకొండు నెలలున్నాయి. నికాహ్ తారీఖు ముందుకి జరగలేదు, అల్హందులిల్లా.

ఉస్తాద్‌కి ఈ లెక్కంతా చెబితే నోరు తెరుచుకుని విన్నాడు. "యే బాత్ కోయీ బోలాచ్ నై మియా" అని, షెడ్డులో తగిలించడానికి ఒక అట్ట మీద రాసివ్వమన్నాడు. ఒక పక్క ఉర్దూలో, ఒక పక్క తెలుగులో, అమెరికా 87 అంటే ఇక్కడ 91, అమెరికా 93 అంటే ఇక్కడ 98 అని పెద్ద అక్షరాలతో రాశాను. మొత్తం చదివించుకుని, కింద ఖాళీ చోటు చూపించి ఇంకొకటి రాయమన్నాడు. 'ఉధార్ నక్కో.' అదీ రెండు భాషల్లో రాశాను.