ఉరికే మాట, నడిచే మాట

సాయంత్రం ఆరింటికి బషీర్‌బాగ్ చౌరస్తాలో సిటీ బస్సు కన్నా పక్కన నడిచేవాడే ముందు పోతాడు. అయినా ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టబోయిన కుర్రాణ్ణి కండక్టరమ్మ కసురుతుంది: "రన్నింగ్‌ల ఎక్కకు బాబూ!"

ఈ ‘రన్’ చూడ్డానికి ఇంతే ఉంటుంది గానీ మహా గట్టిది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు కొత్త కూర్పు కోసం పీటర్ గిలివర్ అనే సంపాదకుడు దీనితో తొమ్మిది నెలలు కుస్తీ పడితే, ఒక్క క్రియగానే 645 అర్థాలు తేలాయి. పాత కూర్పులో ఆ గద్దె ‘సెట్’ది. సెట్ దిగిపోయిందంటే హైదరాబాదు మాత్రం ఒప్పుకోదు. ఇక్కడ పెళ్లి సంబంధం కుదిరినా, ఫోను బాగుపడినా, కడుపు నెమ్మదించినా ‘సెట్ అయింది’ అనే అంటాం.

ఇంగ్లీషువాళ్లు పరిగెత్తించేవాటిని మనం నిదానంగా నడిపిస్తాం. దుకాణం, బడి, బండి, కోర్టులో కేసు, సంసారం, అన్నీ నడిచేవే. ఉర్దూలో ‘చలానా’ అన్నా నడపడమే కాబట్టి ఈ వీధుల్లో రెండు భాషలకీ పేచీ లేదు. ‘చలేగా’ని తెలంగాణ తెలుగు ‘నడుస్తది’ అని సొంతం చేసుకుంది. ఇరానీ హోటల్లో "చిల్లర లేదన్నా, ఉస్మానియా బిస్కెట్ ఇయ్యనా?" అంటే "నడుస్తది" అని జవాబు. కోస్తా నుంచి కొత్తగా దిగినవాడు, నడిచేది బిస్కెట్టా చిల్లరా అని చూస్తాడు.

మనం రన్నింగ్ అని పేరుపెట్టి తెచ్చుకున్నవాటి సంగతి వేరు. 1887 నాటి నిజాం కాలేజీలో ఇప్పటికీ ‘రన్నింగ్ నోట్సు’ రాస్తారు. పాఠం చెప్పేవాళ్ల నోటి వెంట చెయ్యి పరిగెత్తాలి. కాంట్రాక్టరు ‘రన్నింగ్ బిల్లు’ మాత్రం ఏ టేబుల్ మీద పెడితే అక్కడే ఉంటుంది.

ఇంట్లోకి వస్తే తెలుగు ఇంకా ముచ్చటగా ఉంటుంది. నీళ్లు పారతాయి, ముక్కు కారుతుంది, కొత్త చీర మొదటి ఉతుకులో రంగు దిగుతుంది. ఇంగ్లీషులో ఈ మూడూ పరుగే. బియ్యం అయిపోతే వాళ్లకి అదీ పరుగే. మన పెద్దవాళ్లు అయిపోయాయన్న మాట నోట రానివ్వరు, ‘నిండుకున్నాయి’ అంటారు. డబ్బా అడుగు తళతళలాడుతుంటే నిండుకోవడమేమిటని పిల్లలు నవ్వుతారు. లేమిని పేరుపెట్టి పిలిస్తే వచ్చి ఇంట్లో కూర్చుంటుందని భయం మరి. ఈ ఒక్క మాటకి ఆ 645లో ఓ వంద ఇచ్చెయ్యొచ్చు.

ఎన్నికలొస్తే అమెరికావాడు పరిగెడతాడు, ఇంగ్లండువాడు నిలబడతాడు. ఈ విషయంలో మనం ఇంగ్లండు పక్షం. దేశోద్ధారక భవన్‌లోని ప్రెస్‌క్లబ్‌లో నాయకులు మైకుల ముందు కుర్చీలో సర్దుకుని కూర్చుని మరీ "ఈసారి నిలబడుతున్నా" అంటారు.

తెలుగు కూడా పరుగందుకునే చోటు ఒకటుంది, కూతవేటు దూరంలోనే. ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం అప్పట్లో ఫతేమైదాన్. 1955 నవంబరులో న్యూజిలాండ్‌తో అక్కడ జరిగిన టెస్టులో పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడు చేసిన మొట్టమొదటి డబుల్ సెంచరీ అది. క్రికెట్టులో ‘రన్’ని ‘పరుగు’ చేసిన విలేఖరి ఎవరో గానీ మంచి పని చేశాడు. కాకపోతే బంతి బౌండరీ దాటితే ఎవరూ అడుగు కదపకపోయినా నాలుగు పరుగులే. ‘రనౌట్’ని మాత్రం ఎవరూ తెలుగులోకి లాగలేకపోయారు. "పరుగు తీస్తుండగా అవుటయ్యాడు" అనేలోపు గల్లీ పిల్లలు వికెట్లు పీకి, తగాదాకి దిగి ఉంటారు. అంపైరు లేని ఆటలో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల మాటే నెగ్గుతుంది.